అచ్చు, పోత, గంజి: ముద్రణ, కాగితం రంగాల పదాలు – ఉత్తరాంధ్ర వాడుక

ప్రత్యేక వ్యాసం

విజయనగరం: ముద్రణకు, కాగితం తయారీకి సంబంధించిన సాంకేతిక పదాలు ప్రభుత్వ కార్యాలయాలలోను, పత్రికా కార్యాలయాలలోను ప్రతిదినం వాడుకలో ఉన్నవి. నోటుపుస్తకాల టెండరు, ఎన్నికల కరపత్రాలపై ఉత్తర్వు, నదీజలాల నాణ్యతపై ప్రకటన, సరుగుడు కర్ర ధరపై రైతుల విజ్ఞప్తి, వీటన్నిటిలో ఎక్కడో ఒకచోట ఈ పదాలు తగులుతూనే ఉంటాయి. అయితే నిఘంటువు చూసి మాటకు మాట పెట్టిన సందర్భాలలో అర్థం తారుమారగుచున్నది. దాని వలన ఒకచోట ఖజానాకు, ఒకచోట రైతుకు, మరొకచోట వార్త విశ్వసనీయతకు నష్టం వాటిల్లుతున్నది. అచ్చుకూటంలోను, మిల్లులోను పనిచేసేవారి నోట ఉన్న మాట ఏది, వారు దానిని ఏ అర్థంలో వాడుతున్నారు అన్నది ముందుగా తెలిసికొంటే ఈ చిక్కు చాలావరకు తొలగిపోతుంది.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు ఈ విషయంలో ఒక విశేషం ఉన్నది. ముద్రణ రంగంలోని మూలపదాలు కొన్ని అచ్చుయంత్రం ఈ దేశానికి రాకముందే ఇక్కడి మగ్గాల దగ్గర, కొలుముల దగ్గర, బెల్లం వండే చోట వాడుకలో ఉన్నవే.

మగ్గం మీది అచ్చు, కొలిమి దగ్గరి పోత

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరుకు దేశమంతటా పేరున్నది. నేతపనిలో పడుగు దారాలు ఒక్కొక్కటిగా దూరి వచ్చే పలకను అచ్చు అంటారు. దారాల వరుస చెదరకుండా, బట్ట వెడల్పు తగ్గకుండా చూసేది అదే. ఒక పడుగు అయిపోయిన తరువాత దాని కొసలకు కొత్త పడుగు దారాలను కలపడాన్ని అచ్చు అతకడం అంటారు. అది కంటికి, వేళ్లకు ఓర్పు కావలసిన పని. చెరకు పాకం పోసి ఆరబెట్టే మూస కూడా అచ్చే, అందులో నుంచి వచ్చినది బెల్లపు అచ్చు. దేవుని పేర ముద్ర వేసి విడిచిపెట్టిన పశువు అచ్చువేసిన ఆంబోతు. వరుసను నిలిపేది, ఆకారం ఇచ్చేది, చెరగని గుర్తు వేసేది అన్న మూడు అర్థాలూ అప్పటికే ఒక్క మాటలో ఉన్నందున, ముద్రణ వచ్చినపుడు తెలుగువారు కొత్త పదం కోసం వెదకవలసిన అవసరం కలుగలేదు. అచ్చువేయు, అచ్చొత్తు, అచ్చుపడు, అచ్చుకూటం, అచ్చుతప్పు వంటి పదాలు సహజంగా పుట్టినవి. పండితులు ముద్రాక్షరశాల అన్నారు, తరువాతి కాలంలో ముద్రణాలయం స్థిరపడినది. అచ్చుతప్పు అనే నాలుగక్షరాల మాట ఉండగా ‘ముద్రణా సంబంధిత దోషం’ అని వ్రాయడం కాగితానికే దండుగ.

రెండవ మాట పోత. ఇదే జిల్లాలోని బుడితి గ్రామం కంచు, ఇత్తడి సామానుకు ప్రసిద్ధి. ఈ కళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. కరగిన లోహాన్ని మూసలో పోసి ఆకారం తెచ్చే పని పోత. సీసపు అక్షరాల తయారీ కూడా సూక్ష్మరూపంలో ఇదే పని. ముందుగా ఉక్కు కడ్డీ కొనపై అక్షరాన్ని అద్దంలో కనిపించునట్లు తిరగవేసి చెక్కుతారు, దీనిని పంచ్ అంటారు. పంచ్‌ను రాగి పలకపై కొట్టగా ఏర్పడిన గుంట మాట్రిక్స్, తెలుగులో మాతృక. మాతృకలో సీసం, తగరం, ఆంటిమొని కలిసిన లోహాన్ని పోస్తే అక్షరం తయారవుతుంది. సీసం సులభంగా కరగుతుంది, ఆంటిమొని దానికి గట్టిదనం ఇస్తుంది, తగరం పోత నునుపుగా రావడానికి తోడ్పడుతుంది. నేడు కంప్యూటరులో ‘ఫాంటు’ అని పిలుస్తున్న మాటకు మూలార్థం కూడా కరగించి పోసినది అనియే.

పంచ్‌కు, మాతృకకు, అక్షరానికి గల తేడా ఎంత ముఖ్యమో తెలుగు ముద్రణ తొలినాళ్ల ఒక సంఘటన తెలియజేస్తుంది. ఇప్పటి విజయనగరం జిల్లాలో అధికభాగం ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో అంతర్భాగం. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి తెలుగు నేర్చి, బైబిలు అనువాదం ప్రారంభించారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. ఆ అనువాదంలోని మూడు సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూర్ ముద్రణాలయంలో 1812లో అచ్చయినవి. ఆ సంవత్సరమే మార్చి 11న ఆ ముద్రణాలయంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగినది. అనేక భాషల అక్షరాలు కరగి ముద్దయినవి, కాగితం, వ్రాతప్రతులు కాలిపోయినవి. అయితే ఉక్కు పంచ్‌లు, మాతృకలు మిగిలినవి. వాటి సహాయంతో కరగిన లోహాన్నే తిరిగి పోత పోసి కొద్ది మాసాలలో ముద్రణను పునరుద్ధరించారు. ‘అక్షరాలు కాలిపోయినవి’ అన్నంత మాత్రాన అక్షరరూపాలు నశించినట్లు కాదన్నమాట.

మూస అన్న పదానికి నేడు మరొక అర్థం ఉన్నది. మూస పాత్రలు, మూస వార్తలు అంటుంటారు. ఇంగ్లీషులో ఇదే అర్థంలో వాడే ‘స్టీరియోటైప్’ కూడా అచ్చుకూటం నుంచి వచ్చినదే. కూర్చిన పేజీ మొత్తానికి మూస తీసి, ఒకే పలకగా పోత పోసి, ఎన్నిసార్లయినా అచ్చువేసే పద్ధతికి అది పేరు. రెండు భాషలూ ఒకే విధమైన పనిని చూసి ఒకే భావానికి వచ్చినవి.

తెలుగు కేసు

అక్షరాలను గళ్లవారీగా పోసి ఉంచే చెక్కపెట్టెను కేసు అంటారు. ఇంగ్లీషు కూర్పుకు రెండు కేసులు సరిపోయేవి. తెలుగులో హల్లులు, గుణింతపు రూపాలు, ఒత్తులు, విడి గుర్తులు కలిసి గళ్ల సంఖ్య వందలకు చేరేది. ఈ గళ్లకు కంపోజిటర్లు వాడిన పేర్లు బడిపిల్లలు నేర్చుకొనేవే: తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, సుడి, ఏత్వం. ఇంగ్లీషు నుంచి వచ్చిన వృత్తిలో స్వచ్ఛమైన తెలుగు పరిభాష నిలిచిన భాగం ఇది.

కంపోజిటరు ఎడమ చేతిలో పట్టుకొని అక్షరాలను పేర్చే ఇనుప పనిముట్టు స్టిక్కు. వరుసల మధ్య పెట్టే పలుచని సీసపు బద్దీ లెడ్డు. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి విస్తరించడం వలన ఇంగ్లీషు కన్నా వరుసల మధ్య ఎక్కువ ఎడం అవసరమవుతుంది. నేటికీ తెలుగు పేజీని ఇంగ్లీషు పేజీ కొలతలతో కూర్చినపుడు ఒత్తులు తెగిపోవడానికి కారణం ఇదే. స్టిక్కులోని వరుసలను దింపే పొడవాటి పళ్లెం గాలీ, దానిమీద తీసిన నమూనా గాలీ ప్రూఫు. పేజీలుగా విడదీసి, ఇనుప చట్రంలో బిగించినపుడు అది ఫారం. అచ్చు ముగిసిన తరువాత అక్షరాలను కడిగి తిరిగి వాటి గళ్లలో వేయడాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. పాత దస్త్రాలను అనువదించేటపుడు దీనిని ‘పంపిణీ’ అని వ్రాయడం కద్దు, ఆ పనిలో ఎవరికీ ఏమీ పంచిపెట్టరు. అదేవిధంగా కార్యాలయంలో ఇండెంటు అంటే సరఫరా కోరుతూ పంపే పత్రం, అచ్చుకూటంలో పేరా మొదట విడిచే ఖాళీ.

కేసులో లేని గుర్తు కావలసి వచ్చినపుడు ఏమి చేయాలన్నది రచయితకూ ముద్రాపకునికీ కూడా సమస్యే. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవర మాన్యువల్ 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయినవి. రోమను లిపిలో వ్రాసిన ఆ గ్రంథాలలో దీర్ఘాన్ని సూచించడానికి అచ్చు పక్కన రెండు చుక్కలు పెట్టారు. మాన్యువల్ పేరులోని ‘సోరా’ అన్న మాటలోనే ఈ గుర్తు రెండుసార్లు కనిపిస్తుంది. అది ప్రతి అచ్చుకూటంలోను దొరికే గుర్తే. ఇక్కడ ‘అచ్చు’ అంటే స్వరాక్షరం. సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చిన ఈ పదానికి, మగ్గం మీది అచ్చుకు సంబంధం లేదు. విద్యాశాఖ అనువాదాలలో ఈ రెండూ కలగాపులగం కాకుండా చూడవలసి ఉన్నది.

పాత్రికేయులు తరచుగా పొరపడే మరొక జంట కూర్పు, ముద్రణ. పాఠంలో మార్పు లేకుండా తిరిగి అచ్చువేస్తే అది పునర్ముద్రణ. పాఠాన్ని సవరించి, పెంచి, కొత్తగా కూర్చితే అది మరొక కూర్పు. విజయనగరంలో ఉండి గురజాడ అప్పారావు రచించిన ‘కన్యాశుల్కం’ 1897లో మొదటిసారి వెలువడినది. 1909లో వచ్చినది దాని రెండవ ముద్రణ కాదు, దాదాపు కొత్త నాటకమనదగినంతగా తిరిగి వ్రాసిన రెండవ కూర్పు. 1897 పుస్తకం చదివి 1909 నాటి సన్నివేశాల కోసం వెదికేవారికి నిరాశే మిగులుతుంది. 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడిన ఆయన కథ పేరు ‘దిద్దుబాటు’. ప్రూఫులోని తప్పులను సవరించే పనికి తెలుగులో ఉన్న మాట కూడా అదే. ప్రూఫు దిద్దడం అన్నది వాడుకలో ఉండగా ‘ముద్రణా ప్రతి పరిష్కరణ’ వంటి ప్రయోగాలు అనవసరం.

విజయనగరం సంస్థానానికి ముద్రణతో గల సంబంధం స్థానిక అచ్చుకూటాలకు పరిమితం కాలేదు. మాక్స్ ముల్లర్ పరిష్కరించిన సాయణభాష్య సహిత ఋగ్వేదం రెండవ కూర్పు 1890 నుంచి 1892 వరకు నాలుగు సంపుటాలుగా ఆక్స్‌ఫర్డ్‌లో వెలువడినది. దాని వ్యయాన్ని భరించినవారు విజయనగరం మహారాజు ఆనంద గజపతి.

సీసపు అక్షరాలు దాదాపు కనుమరుగైనవి. ఆఫ్‌సెట్ పద్ధతిలో పలక మీది రూపం నేరుగా కాగితంపై పడదు. ముందు రబ్బరు పొరపై పడి, అక్కడి నుంచి కాగితంపైకి మారుతుంది. ఈ పొరకు బ్లాంకెట్ అని పేరు, దుప్పటితో పని లేదు. నాలుగు రంగుల ముద్రణలో రంగులన్నీ ఒకే చోట సరిగా పడడాన్ని రిజిస్టర్ అంటారు. ‘రిజిస్టర్ సరిగా లేదు’ అని ముద్రాపకుడు చెబితే ఆయన దస్తావేజు గురించి చెప్పడం లేదు, బొమ్మలో రంగులు పక్కకు జరిగినవని అర్థం. బొమ్మ కాగితం అంచుదాకా రావలసినపుడు కోత గీతకు అవతల మూడు మిల్లీమీటర్ల మేర అదనంగా ముద్రిస్తారు. దానికి బ్లీడ్ అని పేరు. ప్రభుత్వ ప్రకటనల నమూనాలు పంపే కార్యాలయాలు ఈ అదనపు అంచు విడువకపోతే, కోతలో రాజముద్ర అంచో, శాఖ పేరులోని అక్షరమో తెగిపోయే ప్రమాదం ఉన్నది.

ఠావు, దస్తా, రీము

తాటాకు కాలంలో ఆకు వేరు, పుట వేరు. ఒక ఆకుకు రెండు పుటలు. ఈ తేడా కాగితానికి కూడా వర్తిస్తుంది. నోటుపుస్తకాల కొనుగోలులో ‘200’ అని మాత్రమే వ్రాసి ఆకులో, పేజీలో పేర్కొనకపోతే సరఫరాదారుడు 100 ఆకుల పుస్తకం ఇచ్చినా తప్పు పట్టడానికి వీలుండదు.

మడవని పూర్తి కాగితం ఠావు. 24 ఠావులు ఒక దస్తా, 20 దస్తాలు ఒక రీము. ఆ లెక్కన రీముకు 480 ఠావులు. నేడు మిల్లు రీము 500 ఠావులు. పాత లెక్క ఇంకా కొన్ని చోట్ల నోటిమాటగా సాగుతున్నందున టెండరులో ‘రీము’ అని మాత్రమే వ్రాయడం చాలదు. ఉదాహరణకు 1/8 డెమ్మీ సైజులో 160 పేజీల పుస్తకాన్ని తీసుకొనవచ్చును. ఒక డెమ్మీ ఠావును ఎనిమిది ఆకులుగా మడిస్తే 16 పేజీలు వస్తాయి. అంటే పుస్తకానికి 10 ఠావులు, వెయ్యి ప్రతులకు 10,000 ఠావులు. 500 లెక్కన 20 రీములు సరిపోతాయి. అవే 20 రీములు 480 లెక్కన వస్తే 400 ఠావులు తగ్గుతాయి, అనగా 40 పుస్తకాలు తక్కువ. అట్టకు, తరుగుకు కావలసిన కాగితం దీనికి అదనం.

కాగితం మందాన్ని చూపులో అంచనా వేయడం కష్టం. అందుకే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములున్నదో చెబుతారు, అదే జి.ఎస్.ఎం. దీనిని ‘మందం’ అని అనువదించడం సరికాదు, ఇది బరువు. ఒకే జి.ఎస్.ఎం. గల రెండు కాగితాలలో ఒకటి బొద్దుగా, ఒకటి పలుచగా ఉండవచ్చును. తనిఖీకి మాత్రం చాలా సులభమైన మార్గం ఉన్నది. ఏ4 కాగితాలు 16 కలిస్తే చదరపు మీటరు. కనుక 80 జి.ఎస్.ఎం. ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు, 500 కాగితాల రీము రెండున్నర కిలోలు. 70 జి.ఎస్.ఎం. అయితే సుమారు 2 కిలోల 190 గ్రాములు. పైకవరు బరువు మినహాయించి తూచుకొంటే చాలు, ప్రయోగశాలకు పంపకుండానే కార్యాలయ సిబ్బంది 300 గ్రాముల తేడాను పట్టుకొనవచ్చును.

టెండర్లలో తరచు కనిపించే మ్యాప్‌లిథో అన్న పేరు మ్యాపులను లిథో పద్ధతిలో ముద్రించడానికి పనికివచ్చే కాగితమన్న అర్థంలో ఏర్పడినది. లిథో అంటే రాయి, తెలుగులో శిలాముద్రణ అన్నది అందుకే.

నేతగానికి వెంటనే అర్థమయ్యే విషయం మరొకటి ఉన్నది. కాగితంలోని నారలు యంత్రం నడిచే దిశగా ఎక్కువగా పడుకొంటాయి. బట్టలో పడుగు, పేక ఉన్నట్లే కాగితానికి కూడా నిలువు, అడ్డం ఉన్నవి. పుస్తకం వీపుకు సమాంతరంగా నారలు ఉంటే పేజీ మెత్తగా తెరచుకొంటుంది, అడ్డంగా ఉంటే నిక్కి నిలుస్తుంది, తేమకు వంకర పోతుంది. పాఠ్యపుస్తకం తెరచి బల్లపై పెట్టినపుడు దానంతట అదే మూసుకొనిపోవడానికి బైండింగు ఒక్కటే కారణం కానవసరం లేదు.

మిల్లులోని మాటలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తీరప్రాంతపు ఇసుక నేలలలో సరుగుడు, మెట్టభూములలో జామాయిల్ తోటలు రైతులకు ముఖ్యమైన ఆదాయవనరు. నీలగిరి అని పుస్తకాలలోను, యూకలిప్టస్ అని శాస్త్రంలోను ఉన్న చెట్టుకు ఇక్కడి రైతు పెట్టుకొన్న పేరు జామాయిల్. ఈ కర్రకు పెద్ద కొనుగోలుదారులు కాగితపు మిల్లులు. రాజమహేంద్రవరంలో 1924లో కర్నాటిక్ పేపర్ మిల్స్‌గా మొదలై నేడు ఆంధ్రా పేపర్ లిమిటెడ్ పేరుతో ఉన్న మిల్లు ఒకటి. సరిహద్దుకు ఆవల ఒడిశాలోని రాయగడ దగ్గర జేకేపూర్‌లో 1962 నుంచి ఉన్న మిల్లు మరొకటి.

రైతుకు వచ్చే సొమ్ము కొన్ని పదాలపై ఆధారపడి ఉన్నది. ఇళ్లకు, పందిళ్లకు, సెంట్రింగుకు అమ్మే నిటారైన సరుగుడు బాదు వేరు, గుజ్జుకు అమ్మే కర్ర వేరు. గుజ్జు కర్రలో బెరడుతో తూచిన టన్ను వేరు, బెరడు తీసిన టన్ను వేరు. బెరడు కాగితానికి పనికిరాదు, కనుక బెరడు తీసిన కర్రకు ధర ఎక్కువ, కాని ఆ కూలి ఎవరు భరించారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఇక పచ్చికర్రలో సగం వరకు నీరే ఉండవచ్చును. నరికిన కర్ర గట్టు మీద ఉన్న ప్రతి రోజూ బరువు కోల్పోతుంది. లారీ ఆలస్యమైతే నష్టపోయేది రైతే. అందువలన ‘టన్ను ధర ఇంత’ అని మాత్రమే తెలిపే ప్రకటన, వార్త రెండూ అసంపూర్ణమే. బెరడుతోనా, బెరడు లేకుండానా, తోట దగ్గరా, మిల్లు గేటు దగ్గరా అన్నది కూడా చేర్చినపుడే రెండు ధరలను పోల్చడం సాధ్యమవుతుంది.

మిల్లు చేరిన కర్రను చిన్న ముక్కలుగా కొట్టి, డైజెస్టర్ అనే పెద్ద పాత్రలో ఉడికిస్తారు. కర్రలో నారలు సెల్యులోజ్, వాటిని అతికించి ఉంచే జిగురు వంటి పదార్థం లిగ్నిన్. కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో, ఒత్తిడిలో, 160 నుంచి 170 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉడికించగా లిగ్నిన్ కరగి నారలు విడివడుతాయి. ఇదే గుజ్జు. ఉడికించడానికి వాడే ద్రావణాన్ని మిల్లులో వైట్ లిక్కర్ అని, ఉడికిన తరువాత లిగ్నిన్‌తో నల్లబడిన ద్రావణాన్ని బ్లాక్ లిక్కర్ అని పిలుస్తారు. ఈ లిక్కర్‌ను ‘మద్యం’ అని అనువదిస్తే ఎక్సైజు శాఖకు సంబంధం లేని విషయం ఆ శాఖ మెడకు చుట్టుకొంటుంది. నల్లద్రావణం అనడం స్పష్టంగా ఉంటుంది.

నల్లద్రావణం వృథాగా పారబోసే పదార్థం కాదు. దానిని చిక్కబరచి ప్రత్యేకమైన బాయిలరులో మండిస్తారు. దాని నుంచి ఆవిరి, విద్యుత్తు లభిస్తాయి. అడుగున మిగిలిన రసాయనాలను నీటిలో కరగించి సున్నంతో శుద్ధిచేస్తే తిరిగి ఉడికించే ద్రావణం సిద్ధమవుతుంది. మిల్లు నుంచి బయటకు వెళ్లేది శుద్ధిచేసిన వ్యర్థజలం. నాగావళి నది రాయగడ మీదుగా వచ్చి, పార్వతీపురం మన్యం జిల్లాలోకి ప్రవేశించి, తోటపల్లి బ్యారేజీ, నారాయణపురం ఆనకట్ట దాటి శ్రీకాకుళం పట్టణం పక్కగా సముద్రంలో కలుస్తుంది. సాగునీటికి, తాగునీటికి ఈ నదిపై ఆధారపడినవారికి నీటి నాణ్యత ప్రాణప్రదమైన విషయం. నది నీరు రంగు మారినపుడు ‘నల్లద్రావణం విడుదల’ అని వ్రాస్తే అది నిర్దిష్టమైన, తీవ్రమైన ఆరోపణ. ‘వ్యర్థజలం’ అని వ్రాస్తే అది పరిమితులకు లోబడి ఉన్నదా లేదా అన్న ప్రశ్న మిగిలి ఉంటుంది. ఒకదానికి బదులు మరొకటి వాడితే నిరపరాధిపై నింద పడవచ్చును, లేదా నిజమైన ప్రమాదం చిన్నదిగా కనిపించవచ్చును. బి.ఓ.డి. అన్నది కాలుష్యపదార్థం పేరు కాదు. నీటిలోని సేంద్రియ మలినాలను సూక్ష్మజీవులు కుళ్లించడానికి ఎంత ప్రాణవాయువు అవసరమో తెలిపే కొలత. అది పెరిగిన కొద్దీ చేపలకు మిగిలే ప్రాణవాయువు తగ్గుతుంది. మత్స్యకారులకు ఈ ఒక్క వాక్యం చెబితే అంకె అర్థమవుతుంది.

గుజ్జును కాగితంగా మార్చే దశలో పొందూరు మళ్లీ గుర్తుకు వస్తుంది. నేతకు ముందు పడుగుకు గంజి పట్టించడం ఎరిగినదే. కాగితానికి కూడా సిరా పాకకుండా గంజి, ఇతర పదార్థాలు పట్టిస్తారు. ఇంగ్లీషులో రెంటికీ పేరు సైజింగ్. దీనిని ‘పరిమాణ నిర్ణయం’ అని అనువదించడానికి ఆస్కారం ఎక్కువ. గంజి పట్టింపు అంటే నేతవారికి, మిల్లువారికి కూడా తెలుస్తుంది. గంజి తగినంత లేని కాగితంపై కలంతో వ్రాస్తే అక్షరం అలుక్కొనిపోతుంది, న్యూస్‌ప్రింట్‌పై సంతకం చేసి చూడవచ్చును. కాగితాన్ని ఉక్కు రోలర్ల మధ్య నొక్కి నునుపు చేసే యంత్రం క్యాలెండర్, దీనికి తిథులతో సంబంధం లేదు. యంత్రంపై తెగిన, పాడైన కాగితాన్ని బ్రోక్ అంటారు. అది చెత్త కాదు, తిరిగి గుజ్జులోకి వెళ్తుంది.

వృత్తిపదాలను వృత్తివారి నోటి నుంచే సేకరించాలన్న పద్ధతి తెలుగులో కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశాలలో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడినవి. ఏ ప్రాంతంలో ఏ మాట ఉన్నదో వాటిలో నమోదైనది. అనువాదకులు సైజింగ్ వంటి పదం ఎదురైనపుడు ఇంగ్లీషు నిఘంటువు కన్నా ముందు చేనేత సంపుటం తెరవడం మేలు.

చట్టం దృష్టిలో ముద్రణ

ఎన్నికల సమయంలో జిల్లా యంత్రాంగానికి అత్యంత అవసరమైన నిర్వచనం ఒకటి ఉన్నది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 127ఏ సెక్షను ప్రకారం ఎన్నికల కరపత్రం, గోడపత్రికలపై ముద్రాపకుని పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా ఉండి తీరాలి. ఈ సెక్షనులో చేతితో నకలు వ్రాయడం మినహా ప్రతులు తయారుచేసే ఏ పద్ధతి అయినా ముద్రణే. కనుక జిరాక్సు దుకాణంలో తీసిన నూరు ప్రతులు కూడా ముద్రణ కిందికే వస్తాయి. ‘మేము అచ్చువేయలేదు, జిరాక్సు తీశాము’ అన్న సమాధానం చెల్లదు. ప్రచురణకర్త తన గుర్తింపును తెలుపుతూ సంతకం చేసి, తనను స్వయంగా ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరింపజేసిన ప్రకటన రెండు ప్రతులు ముద్రాపకునికి ఇవ్వాలి. ముద్రాపకుడు అందులో ఒకటి, కరపత్రం ప్రతి ఒకటి జిల్లా మేజిస్ట్రేటుకు పంపాలి. రాష్ట్ర రాజధానిలో అచ్చయితే ప్రధాన ఎన్నికల అధికారికి పంపాలి. ఉల్లంఘనకు ఆరు మాసాల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. సభ జరిగే తేదీ, వేళ, స్థలం మాత్రమే తెలిపే చేతిపత్రాలకు ఇది వర్తించదు.

ముద్రాపకుడు అచ్చువేసినవాడు, ప్రచురణకర్త వెలువరించినవాడు. ఇద్దరూ ఒకరే కావచ్చును, కానవసరం లేదు. వార్తలలో ఇద్దరినీ ‘ముద్రించినవారు’ అని కలిపి వ్రాయడం వలన కేసు ఎవరిపై నమోదైనదో పాఠకునికి తెలియదు. పత్రికల విషయంలో 1867 నాటి చట్టం స్థానంలో పత్రికలు, నియతకాలికల రిజిస్ట్రేషన్ చట్టం, 2023 వచ్చి, 2024 మార్చి 1 నుంచి అమలులో ఉన్నది. కావున పత్రికల నమోదుకు నేటికీ 1867 చట్టాన్ని ఉటంకించే ఉత్తర్వుల నమూనాలను సవరించుకొనవలసి ఉన్నది.

చివరిగా ఫాంటు గురించి ఒక మాట. 2000 దశకంలో కార్యాలయాలు పంపిన పత్రికా ప్రకటనలు అనేకం ఏదో ఒక ప్రత్యేక ఫాంటులో తయారైనవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫాంటు అక్షరం రూపానికి సంబంధించినది, యూనికోడ్ అక్షరానికి కేటాయించిన సంఖ్యకు సంబంధించినది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లో వెలువడిన మొదటి ప్రమాణంలోనే స్థానం లభించినది. ‘యూనికోడ్ ఫాంటులో పంపండి’ అన్నపుడు కోరుతున్నది అందమైన అక్షరం కాదు, ఎక్కడ తెరిచినా తెలుగుగానే నిలిచే పాఠం. సిలికానాంధ్ర చొరవతో ఉచితంగా అందుబాటులోకి వచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంట్లలో ఒకదాని పేరు గురజాడ, మరొకదాని పేరు గిడుగు.